అమ్మ డెక్కెక్కిన వేసవి

"ఈ వేసవే నాకు ఆఖరు," అంది అమ్మ, హెర్రింగ్ చేపలు ఊరవెయ్యడానికి ఉల్లిపాయలు తరుగుతూ. "సెప్టెంబరు రాగానే సియాటెల్లో మీ పిన్ని దగ్గరికి వెళ్ళిపోతాను. వచ్చే ఏటికి ఇంకో వంటమనిషిని చూసుకో."

ఏడుస్తోందేమోనని మొహంలోకి చూశాను. ఉల్లిపాయల పుణ్యమా అని ఏమీ తెలియలేదు.

మా ఓడ పేరు ఫుల్మార్. ఒకప్పుడు చేపలు మోసిన చెక్క ఓడ. నాన్న దానికి గదులు కట్టించి, మంచాలు వేయించి, జంతువుల్ని చూడవచ్చేవాళ్ళని అలాస్కా తీరం వెంట తిప్పే ఓడగా మార్చాడు. వారానికి డజను మంది వస్తారు. వాళ్ళని మా ఊరు పీటర్స్‌బర్గ్‌లో ఎక్కించుకుని, కొండల నడుమ జలసంధుల్లో తిప్పి, మళ్ళీ అక్కడే దించుతాం. నాన్న పోయాక చుక్కాని నా చేతికొచ్చింది. ఓడకి సరంగుని నేనే. చిన్న పడవలో జనాన్ని ఒడ్డు దగ్గరికి తీసుకెళ్ళి జంతువుల్ని చూపించేది మా తమ్ముడు ఐనార్. వంట అమ్మది.

నాన్న ఉన్న రోజుల్లో అందరికంటే ముందు తిమింగలాన్ని కనిపెట్టేది అమ్మే. గరిటె చేతిలో ఉండగానే పైకి పరిగెత్తుకొచ్చేది. నాన్న పోయాక ఆవిడ వంటగది మెట్లెక్కడం మానేసింది. ఫలానావైపు తిమింగలం ఉందని నేను మైకులో చెప్పగానే జనమంతా బిలబిలమంటూ డెక్కు మీదికి వచ్చేవారు. కింద గిన్నెల చప్పుడు మాత్రం ఆగేది కాదు.

ఆ మే నెలలో మా ఇంజను చూసే మనిషికి మోకాలి ఆపరేషను పడింది. అతని బదులు ఆంగూన్ అనే పల్లె నుంచి రూబెన్ గారు వచ్చారు. ఆ తీరంలో తరతరాలుగా ఉంటున్న ట్లింగిట్ తెగ మనిషి, అరవై దాటినవాడు. భార్య పోయి చాలా ఏళ్ళయింది. బొద్దు చేతులు, నెత్తిమీద ఊలు టోపీ. మాట తక్కువ. మాట్లాడితే మాత్రం, అవతలివాళ్ళు కాసేపాగి నవ్వుకోవాల్సొచ్చేది.

వచ్చిన రోజే ఆయన తన పొగగుడిసెలో ఎండబెట్టిన సాల్మన్ పొట్లం ఒకటి తెచ్చి వంటగది బల్లమీద పెట్టారు. అమ్మ దాన్ని చూసి, తమ ఇంట్లో చేపకి పొగ పెట్టే అలవాటు లేదని, ఉప్పూ వెనిగరూ వేసి ఊరబెడతామని చెప్పిందట. "అందుకేనేమోనండీ, మీ సీసాలో చేపలు నాకేసి అంత పుల్లగా చూస్తున్నాయి," అన్నారట ఆయన. ఆవేళంతా అమ్మ ఆయనతో మాట్లాడలేదు. రాత్రికి పొట్లం మాత్రం ఖాళీ అయింది. నేను తినలేదు. ఐనార్ తినలేదు.

ఐనార్‌కి ఆయన మొదట్నించీ గిట్టలేదు. నాన్న ఇంజను గదిలో ఎవరో నిలబడి ఈల వెయ్యడమేమిటని సణిగేవాడు. ఓడలో ఈల వేస్తే గాలివాన వస్తుందని మా ఊళ్ళో పిల్లలకి కూడా తెలుసు. ఆ మాటే ఆయనతో అంటే, "వస్తే రానీ బాబూ, ఇక్కడ వాన రానిదెప్పుడు?" అన్నారట.

తిమింగలాల దగ్గర మేం ఇంజను ఆపేస్తాం. ఇంజను ఆగితే ఇంజను మనిషికి పనుండదు. రూబెన్ గారు చేతులు తుడుచుకుని పైకొస్తూ, దారిలో వంటగది గుమ్మం దగ్గర ఆగేవారు. "ఇంజను ఆపేశానండీ. పైకొస్తారా?" అనేవారు. "బ్రెడ్డు ఓవెన్లో ఉంది," అనేది అమ్మ వెనక్కి తిరక్కుండా. వచ్చిన ప్రతిసారీ అదే ప్రశ్న, అదే జవాబు. ఈ జనం ఇంత బ్రెడ్డు ఎలా తింటున్నారమ్మా అని ఆయన ఒకసారి నన్ను నిజంగానే అడిగారు.

జూన్‌లో అడ్మిరాల్టీ దీవి దగ్గర ఒక ఏటి మొగలో లంగరేశాం. ఆ నెలలో ఎలుగుబంట్లు పచ్చగడ్డి మేయడానికి ఒడ్డుకొస్తాయి. చిన్న పడవ మోటారు ఉదయం నుంచీ దగ్గుతోంది. అందుకని ఐనార్‌కి తోడు రూబెన్ గారు కూడా పడవెక్కారు. సగం మంది ప్రయాణికులు వాళ్ళతో వెళ్ళారు. వాళ్ళలో హ్యాడ్లీ గారని నెబ్రాస్కా నుంచి వచ్చిన ఒక పెద్దావిడ ఉంది. ఊళ్ళో పిల్లలకి పాటలు నేర్పి రిటైరైన టీచరు. ఎనభైకి దగ్గర పడుతున్నా పడవలోకి ఎవరి చెయ్యీ పట్టుకోకుండా దిగింది.

ఒడ్డున తల్లి ఎలుగు ఒకటి రెండు కూనల్ని వెంటేసుకుని మేస్తోంది. కూనలు ఒకదాన్నొకటి బురదలోకి తోసుకుంటూ, తల్లి వీపెక్కి జారుతూ ఆడుకుంటున్నాయి. చాలిక, వెనక్కి రండని నేను రేడియోలో చెప్పాను. "ఇంకాస్సేపుండమని హ్యాడ్లీ గారు అడుగుతున్నారు," అని ఐనార్ జవాబిచ్చాడు. కాసేపాగి మళ్ళీ పిలిస్తే, ఈసారి ఇంకాస్సేపు ఉంటామన్నది రూబెన్ గారు. అందరూ కూనల్ని చూస్తున్నారు. నీళ్ళని చూసినవాళ్ళు లేరు. ఆటు మొదలై నీళ్ళు మెల్లగా వెనక్కి పోయాయి. పడవ అడుగు బురదలో కూర్చుండిపోయింది.

కాలు పెడితే మోకాలి దాకా దిగే బురద అది. దిగి నడిచే వీలు లేదు, ఓడని దగ్గరికి తెచ్చే వీలూ లేదు. పోటు తిరిగొచ్చేదాకా సాయంత్రమంతా అలా కూర్చోవలసిందే. తప్పు ఎవరిదైనా ఓడ నాది, జనం నా బాధ్యత అనుకుంటూ నేను బైనాక్యులర్స్‌కి అతుక్కుపోయాను. మెట్లమీద అడుగుల చప్పుడైంది. చూస్తే అమ్మ. ఏప్రన్ కట్టుకునే డెక్కు మీదికొచ్చింది.

"ఏదీ, ఇలా ఇవ్వు," అని నా చేతిలో బైనాక్యులర్స్ లాక్కుంది.

నీళ్ళు పోయిన బురదలో ఆల్చిప్పలు తవ్వుకు తింటూ తల్లి ఎలుగు పడవకేసే నడిచొస్తోంది. వెనకాల కూనలు. పడవలో ఎవరూ కదల్లేదు. అప్పుడు రూబెన్ గారు మెల్లగా లేచి నిలబడ్డారు. ఐనార్ చేతిలోని రేడియో తెరిచే ఉంది, అందుకని ఆయన గొంతు మాకు వినబడింది. ఎలుగుతో మాట్లాడుతున్నారు. వాళ్ళ ఊరి పెద్దలు మాట్లాడినట్టు, ఇంటి పెద్దావిడతో మాట్లాడినట్టు.

"అమ్మా, మేం నీ పిల్లల జోలికి రాలేదు. తెలివితక్కువ పని చేసి ఇరుక్కుపోయాం. నీళ్ళు రాగానే వెళ్ళిపోతాం. అంతదాకా ఇక్కడ కూర్చోనీ."

ఎలుగు తలెత్తి చాలాసేపు చూసింది. తర్వాత పక్కకి తిరిగి మళ్ళీ తవ్వుకోవడం మొదలుపెట్టింది. మనం ఇక్కడున్నామని దానికి తెలుస్తూ ఉంటే మంచిది, ఏదైనా మెల్లగా మాట్లాడుతూ ఉండండని రూబెన్ గారు పడవలో వాళ్ళకి చెప్పారు. అంతే. నలభై ఏళ్ళు పిల్లలకి పాటలు నేర్పిన మనిషి ఆ మాట వింటే ఊరుకుంటుందా? హ్యాడ్లీ గారు కూర్చున్న చోటినుంచే చేతులెత్తి, ఎవరు ఏ శ్రుతిలో పాడాలో అప్పటికప్పుడు పంచేసింది. మొదట్లో భయంభయంగా, పోనుపోను బాగానే, వాళ్ళ పాట నీళ్ళ మీదుగా మా దాకా వచ్చింది. ఎలుగు ఆల్చిప్పలు తవ్వుకుంటోంది. కూనలు మాత్రం ముడ్డిమీద కూర్చుని వింటున్నాయి.

"అడుగున వినబడే ఆ లావు గొంతు ఎవరిదే?" అంది అమ్మ.

"రూబెన్ గారిది. ఆంగూన్ చర్చిలో పాడతారట."

అమ్మ బైనాక్యులర్స్ నాకు తిరిగివ్వలేదు. కాసేపయ్యాక, "ఆ టోపీ తీసి ఎవరికిచ్చాడు? చెవులు గడ్డకట్టుకుపోవూ?" అంది తనలో తనే. టోపీ హ్యాడ్లీ గారి నెత్తిమీదుంది.

పోటు వచ్చి పడవ తేలి వాళ్ళు తిరిగొచ్చేసరికి రాత్రి భోజనాల వేళ దాటిపోయింది. మా దగ్గర జూన్‌లో ఆ వేళకి కూడా వెలుగు పోదు. ప్రయాణికులు ఒకళ్ళ భుజాలొకళ్ళు పట్టుకుని నవ్వుతూ ఓడెక్కారు. జీవితంలో ఇంత మంచి రోజు చూడలేదని ఒకాయన నా చెయ్యి పట్టుకుని ఊపేశాడు. నేను కోప్పడదామని దాచుకున్న మాటలన్నీ అలాగే ఉండిపోయాయి.

అమ్మ మాత్రం మాటలేవీ దాచుకోలేదు. అందరికీ చేపల పులుసు గిన్నెలు అందించి, రూబెన్ గారి ఎదురుగా వచ్చి నిలబడింది.

"ఆటుపోట్లంటే తెలియకుండానే ఇన్నేళ్ళు ఈ నీళ్ళమీద బతికారా మీరు? ఇంకాస్సేపు, ఇంకాస్సేపని ఆ పాడుబుద్ధి ఏమిటి? ముసలాళ్ళున్నారని ఆలోచన ఉండక్కర్లేదా? ఆ చెవులు చూసుకున్నారా, ఎలా ఎర్రబడ్డాయో?"

ఆయన తల వంచుకుని అంతా విన్నారు. "పులుసు వేడిగా ఉందాండీ?" అన్నారు.

"వేడిగా లేక? మీరొస్తారని పొయ్యిమీంచి దించితేనా?" అంది అమ్మ. "మీరందరూ వస్తారని," అని దిద్దుకుని గిన్నె ఆయన ముందు ఠక్కున పెట్టి వెళ్ళిపోయింది.

ఐనార్ నా పక్కకి జరిగాడు. "పడవ నడిపింది నేను. నన్నొక్క మాట కూడా అనలేదేంటక్కా?"

"ఇక నీ వంతు రాదులే," అన్నాను.

ఆ బురదలో కూర్చుని వాడూ ఆయనా ఏం మాట్లాడుకున్నారో వాడు నాకు చెప్పలేదు. మర్నాటి నుంచి మాత్రం ఉదయం కాఫీ ఇంజను గదికి వాడే పట్టుకెళ్ళడం మొదలుపెట్టాడు. కిందనుంచి ఈల వినబడితే సణగడం కూడా మానేశాడు. ఒక్కోసారి ఈలలు రెండు వినబడేవి.

జూలైలో ఫ్రెడరిక్ సౌండ్ అనే జలసంధిలో హెర్రింగ్ చేపలు విరగబడి దిగాయి. వాటి వెనకే హంప్‌బ్యాక్ తిమింగలాలు వచ్చాయి. ఆవేళ గాలి లేదు. నీళ్ళు పళ్ళెంలో పోసినట్టున్నాయి. నేను ఇంజను ఆపమని కిందికి చెప్పాను. ఆగింది. రూబెన్ గారు ఎప్పటిలాగే వంటగది గుమ్మం దగ్గర ఆగే ఉంటారు. ఈసారి ఏమడిగారో, ఆవిడ ఏమందో నాకు తెలియదు. చూసేసరికి ఇద్దరూ డెక్కు ముందువైపు రెయిలింగ్ పట్టుకుని నిలబడున్నారు. అమ్మ చేతికి పిండి అంటుకునే ఉంది.

నీళ్ళమీద చిన్న చిన్న బుడగలు గుండ్రంగా తేలడం మొదలైంది. ఎవరో నీళ్ళకింద ముగ్గు పెడుతున్నట్టు ఆ వలయం నెమ్మదిగా చుట్టుకుంటోంది. తిమింగలాలు కిందినుంచి బుడగలు వదులుతూ చేపల్ని మధ్యకి తోలుకొస్తాయి. ఎక్కడ లేస్తాయో ముందుగా తెలిసేది పక్షులకే. ఆకాశంలో కొంగలబారులా పరుచుకున్న సముద్రపక్షులన్నీ ఒక్కసారిగా మా ముందుకి వాలాయి.

"అటు కాదు, ఇటు. కుడివైపు," అని అమ్మ గట్టిగా అరిచింది. జనమంతా కుడివైపుకి పరిగెత్తారు. నాన్న రోజుల్లో విన్న గొంతు అది.

అవి లేచాయి. ముందు చేపలు, వెండి నాణేలు విసిరినట్టు గాల్లోకి ఎగిరాయి. వెంటనే వాటి కిందినుంచి తెరిచిన నోళ్ళు, ఒకటి కాదు, ఒక గుంపు గుంపే, గదులంత నోళ్ళు నీళ్ళని చీల్చుకుని పైకొచ్చాయి. కెమెరాలు మెడల్లో వేలాడుతూనే ఉండిపోయాయి. ఫొటో తీసుకోవాలని ఎవరికీ తోచలేదు. అందులో ఒకటి మా పక్కనే తేలి బుస్సున ఊపిరి వదిలింది. ఆ తుంపర డెక్కంతా కమ్మింది. దాని ఊపిరి కుళ్ళిన చేప కంపు.

"ఛీ, ఏం కంపయ్యా," అంది అమ్మ ముక్కు మూసుకుని.

"పాపం, పొద్దున్నే పళ్ళు తోముకున్నట్టు లేదు," అన్నారు రూబెన్ గారు.

అమ్మ నవ్వింది. చిరునవ్వు కాదు, పొట్ట పట్టుకుని, రెయిలింగ్ మీదికి వంగిపోయి నవ్వింది. నవ్వు తగ్గాక నాన్న గురించి చెప్పడం మొదలుపెట్టింది. ఒకసారి ఇలాగే తిమింగలం ఊపిరి మీద పడితే, కొత్త చొక్కా పాడైందని ఆయన దాన్ని తిట్టిన తిట్లు చెప్పింది. నాన్న మాట వస్తే మా ఇంట్లో అందరం గొంతు తగ్గించేవాళ్ళం. ఆ రోజు అమ్మ గొంతు తగ్గించలేదు. రూబెన్ గారు వింటూ, మధ్యలో అడుగుతూ, తన భార్య సంగతి కూడా ఒకటి చెప్పారు. తమ బెర్రీలు ఎలుగుబంటి తినేసిందని ఆవిడ ఏడాదిపాటు అది దిగొచ్చిన కొండకేసి చూడనే లేదట. తిమింగలాలు దూరం జరిగి, జనం కిందికి దిగిపోయినా వాళ్ళిద్దరూ అక్కడే ఉన్నారు. వాళ్ళ మధ్య మూరెడు జాగా కూడా లేదు. ఇంజను మళ్ళీ మొదలుపెట్టమని చెప్పడానికి నాకు నోరు రాక, ఓడని అలాగే అలలకి వదిలేశాను. ఆ మధ్యాహ్నం భోజనంలోకి బ్రెడ్డు లేదు. ఎవరూ అడగలేదు.

ఆగస్టు చివర రూబెన్ గారు వెళ్ళిపోవాల్సిన రోజొచ్చింది. ముందే అనుకున్న మాటే. వాళ్ళ ఊళ్ళో సాల్మన్ పొగబెట్టే పని మొదలవుతుంది. మా పాత మనిషి మోకాలు కూడా బాగైంది. ఆయన వెళ్ళిన రాత్రి అమ్మ బంగాళాదుంపలు చెక్కుతూ నాతో చెప్పింది, పెళ్ళి చేసుకుందామని ఆయన అడిగారని.

ఈ వయసులో పెళ్ళేమిటి, ఊరు నవ్విపోతుందని ఈవిడ అందట. నవ్వనివ్వండి, వాన తప్ప ఇంకేముంది మన ఊళ్ళలో, జనానికీ కాస్త నవ్వుకోడానికుండాలి అన్నారట ఆయన. పిన్నికి మాటిచ్చానని, ఆలోచించుకోవాలని చెప్పిందట. ఆయన సరేనని, బలవంతపెట్టకుండా, సంచీ భుజాన వేసుకుని దిగిపోయారు.

"నీకెలా ఉందమ్మా?" అని అడిగాను.

చెక్కిన దుంపనే మళ్ళీ చెక్కుతోంది. "భయంగా ఉంది. అతను బాగా పాడతాడు," అంది.

పిన్నికి ఫోన్ చేసి నేనేమీ చెప్పలేదు. ఐనార్‌కి మాత్రం చెప్పాను. వాడు, ఆంగూన్ సియాటెల్ కంటే దగ్గరే కదక్కా అన్నాడు.

సెప్టెంబరు మొదట్లో ఆ ఏటి ఆఖరి ప్రయాణం. హ్యాడ్లీ గారు మళ్ళీ వచ్చింది. ఎలుగుకూనలు పెద్దవైపోయి ఉంటాయి, చూడకుండా ఎలా అని. చాథమ్ జలసంధిలో పొగమంచు పట్టేసింది. ఓడ ముక్కు చుక్కాని గదిలోకి కనబడటం లేదు. ఆంగూన్‌కి కొద్ది దూరంలో ఒక ఖాతంలో లంగరేసి, మంచు విడిపోయేదాకా ఆగాం. చుట్టూ సాల్మన్ పట్టే పడవలెన్నో మాలాగే ఆగున్నాయి. ఒక్కటీ కనబడదు. రేడియోలో మాటలు మాత్రం వినబడుతున్నాయి. చేపలు, వాతావరణం, ఎవరింట్లోనో పుట్టిన మనవడు. ఆ తీరంలో పడవల్లోనే కాదు, ఇళ్ళల్లో కూడా రేడియో రోజంతా మోగుతూనే ఉంటుంది. అది మా ఊరి అరుగు.

అమ్మ నాకు కాఫీ తెచ్చింది. కప్పు పెట్టి వెళ్ళలేదు. కిటికీలోంచి ఆ తెల్లటి మంచునే చూస్తూ నిలబడింది. ఆంగూన్ ఎటువైపని అడిగింది. చూపించాను. ఏప్రన్‌కి చేతులు తుడుచుకుని, నా తలమీదుగా చెయ్యి చాపి రేడియో అందుకుంది.

"అమ్మా, అందరూ వింటుంటారు," అన్నాను.

"తెలుసు," అని మీట నొక్కింది. "ఆంగూన్, ఆంగూన్. ఇది ఫుల్మార్. రూబెన్ ఉన్నారా?"

రేడియోలో కబుర్లన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి. గరగర తప్ప ఏమీ లేదు. ఆయన గుడిసెలో పొగ పెడుతున్నారేమో, ఇంట్లో లేరేమోనని నేననుకుంటుండగా జవాబొచ్చింది.

"ఉన్నాను."

"నేను రాగ్నాని."

"గొంతు తెలుసండీ."

అమ్మ మీట మీంచి వేలు తీసింది. మళ్ళీ నొక్కింది. "మీరడిగిన దానికి, సరే."

గరగర. తర్వాత ఆయన గొంతు. "మంచుకి సరిగ్గా వినబడలేదు. ఇంకోసారి చెప్పండి."

"బాగానే వినబడింది నీకు," అంది అమ్మ. "పెళ్ళికి సరే అన్నాను. ఈ జలసంధి అంతా విన్నాక మళ్ళీ చెప్పించుకుంటున్నావా? వచ్చి చెప్తాను నీ సంగతి."

ఆయన, గొంతు సవరించుకుంటున్నట్టు దగ్గి, "టోపీ పెట్టుకునే ఉంటాను," అన్నారు.

అమ్మ రేడియో కొక్కేనికి తగిలించింది. అప్పుడే మంచులో ఎక్కడో ఎడమవైపు ఒక పడవ హారన్ మోగింది. పొడుగ్గా. దానికి జవాబుగా దూరంగా ఇంకోటి. తర్వాత కుడివైపు, వెనకవైపు, ఖాతం మొగలో ఒక పెద్ద ఓడ బొంగురు గొంతుతో. ఒక్కటీ కనబడటం లేదు. మంచంతా మోగిపోతోంది.

ఐనార్ ఒక్క చెప్పుతో మెట్లెక్కి వచ్చాడు. సంగతి తెలిసి అమ్మని వెనకనుంచి వాటేసుకున్నాడు. వచ్చే ఏటినుంచి వంట ఎవరిదక్కా అని అడిగాడు. నా మొహం చూడగానే అది తనదేనని వాడికే అర్థమైపోయింది. హ్యాడ్లీ గారు దుప్పటి కప్పుకుని గుమ్మంలోకి వచ్చింది.

"ఏ జంతువమ్మా అది? గుంపు చాలా పెద్దదిలా ఉందే."

"జాలర్లండీ," అన్నాను.

అమ్మ తలెత్తి పైన వేలాడుతున్న మా ఓడ హారన్ తాడు చూసింది. రెండు చేతులా పట్టుకుని లాగింది. కిటికీ అద్దాలు అదిరాయి. హ్యాడ్లీ గారు చెవులు మూసుకుని నవ్వుతోంది. అమ్మ లాగుతూనే ఉంది.

"చాలమ్మా," అన్నాను. "తిమింగలాలు బెదిరిపోతాయి."

"బెదరనీ," అంది అమ్మ, తాడు వదలకుండా.